ఎత్తితే పోటు, దించితే సలుపు

చిలకలూరిపేట హైవే మీద ఉన్న ఆ స్పిన్నింగ్ మిల్లుకు ప్రతి గురువారం డాక్టర్ వస్తుంది. పేరు శ్రీరమ్య. గేటు పక్క గదిలో కూర్చుని పనివాళ్ళను చూస్తుంది. సాయంత్రం వెళ్ళేముందు హెచ్.ఆర్. ఆఫీసర్ శ్యామ్ సుందర్ దగ్గరకు వచ్చి, ఎవరికి సెలవు కావాలో, ఎవరికి పని మార్చాలో చెబుతుంది. ఆ గురువారం ఆ సంగతులేవీ ఎత్తలేదు.

"సర్, మీ మిల్లులో ఎవరో ట్యూషన్ చెబుతున్నారు," అంది.

"దేనికి?"

"నొప్పులకి."

శ్యామ్ సుందర్ కంప్యూటర్ మీంచి చూపు తిప్పాడు.

"మామూలుగా ఏమైందమ్మా అంటే ఒళ్ళు నొప్పులు మేడమ్ అంటారు," అంది శ్రీరమ్య. "ఎలాంటి నొప్పి అని అడిగితే నా మొహం చూస్తారు. ఇవాళ ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. విడివిడిగా వచ్చారు. ముగ్గురిదీ కుడి భుజమే. ఎలా ఉందంటే ముగ్గురూ ఒకటే మాట. ఎత్తితే పోటు, దించితే సలుపు. ఎక్కడా తడుముకోలేదు."

"ఎక్స్‌రేలో ఏముంది?"

"మధ్యాహ్నమే ఊళ్ళో తీయించాను, ఎముక బాగానే ఉంది. కండదీ నరందీ అందులో పడదు. చెయ్యి పైకి పోవట్లేదు. పోవట్లేదో, పోనివ్వట్లేదో చెప్పలేను. ఎత్తొద్దని చెప్పి పంపాను."

ముగ్గురిలో ఒకరు రెబ్కా. ఆ పేరు వినగానే శ్యామ్ సుందర్‌కు కుర్చీ గుర్తొచ్చింది.

ప్యాకింగ్ సెక్షన్‌లో దారం కోన్లకు లేబుళ్ళు అంటించే చోట ఒక కుర్చీ ఉంది. మిల్లులో పనివాళ్ళు కూర్చుని చేయగలిగిన పని అదొక్కటే. ఇన్నాళ్ళూ ఆ పని చేసిన మాబు సాహెబ్ కిందటి నెల రిటైరయ్యాడు. ఆ కుర్చీని ఇద్దరు అడిగారు. ఒకరు బసవమ్మ, మోకాళ్ళ నొప్పులని. రెండోది రెబ్కా.

రెబ్కా పని దారం వడికే రింగ్ ఫ్రేము దగ్గర. ఫ్రేము వెంట నడుస్తూ, తెగిన దారాన్ని చెయ్యెత్తి అతకాలి. షిఫ్టంతా అంతే. ఫ్రేము నడపలేని మనిషిని ఉంచుకోవడం కుదరదని సూపర్‌వైజర్ ఆమెకు చెప్పేశాడు. కుర్చీ రాకపోతే ఆమె మిల్లు బయటే. బయట ఈ రోజుల్లో దొరికేది మిరపకోత. దానికీ ఆ చెయ్యే కావాలి. భర్త లేడు. కూతురు ఇంటర్ చదువుతోంది.

సోమవారం ఆమెను గదికి పిలిపించాడు. వచ్చి కూర్చుంది. ఎడమచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుంది.

"ఎట్లా ఉంది చెయ్యి?"

"ఎత్తితే పోటు సార్, దించితే సలుపు."

"ఆ మాట ఎవరు నేర్పారు?"

"ఏ మాట సార్?"

"ఇప్పుడు అన్నదే."

"తెలుగే కదా సార్."

"నీ కాలనీ వాళ్ళు ఇంకో ఇద్దరు డాక్టరమ్మ దగ్గర ఇదే చెప్పారు. ఒక్క అక్షరం తేడా లేదు."

"ముగ్గురం ఒకటే లైను సార్. వాళ్ళకీ అట్లానే ఉంటది."

"నొప్పి ఒకటే అవ్వొచ్చు. మాట ఎట్లా ఒకటైంది?"

రెబ్కా నేల చూసింది. శ్యామ్ సుందర్ ఇంతకుముందు రెండు మిల్లుల్లో పనిచేశాడు. నేల చూడటాన్ని జవాబుగా లెక్కేసుకోవడం అతనికి అలవాటు.

"యూనియన్ మార్కు చెప్పాడా?"

"మార్కన్న ఎందుకు చెబుతాడు సార్?"

"మరి ఎవరు?"

ఆమె మోచెయ్యి ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. చెబితే ఏం పోతుందో అతనికి అర్థం కాలేదు. ఏదో పోతుందని మాత్రం అర్థమైంది. వెళ్ళమన్నాడు.

బసవమ్మ పిలవకుండానే వచ్చింది. ఊరు పక్కనే, రెండెకరాల పత్తి ఉన్న కుటుంబం. కోడలు వచ్చాక మిల్లులో చేరింది. తలుపు పట్టుకుని లోపలికొచ్చి, కూర్చోమనకముందే కూర్చుంది.

"నా సంగతి ఏం చేశారండీ?"

"చూస్తున్నామండీ. మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి?"

"నొప్పులండీ."

"ఎలాంటి నొప్పి?"

"నొప్పిలో రకాలేంటండీ, చీరలా?"

శ్యామ్ సుందర్ నవ్వాడు. ఈ మాట ఎవరో నేర్పింది కాదు, అంతవరకు ఖాయం అనుకున్నాడు.

"వాళ్ళతో మేమెక్కడ పోటీ పడతామండీ," అంది బసవమ్మ లేస్తూ. "వాళ్ళు జట్టు. ఒకళ్ళు దగ్గితే అందరూ దగ్గుతారు."

ఆ సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు సైకిల్ స్టాండు దగ్గర మార్కు కనబడ్డాడు. మార్కు యూనియన్ మనిషి. రెబ్కా కాలనీలోనే ఉంటాడు.

"ఏం మార్కూ, తెలుగు పాఠాలు మొదలెట్టావంట?"

"ఎవరికి సార్?"

"భుజం నొప్పుల వాళ్ళకి. ఎత్తితే పోటు, దించితే సలుపు."

మార్కు బండి స్టాండు వేశాడు. "నేనే నేర్పాలంటే బోనస్ అనే మాట నేర్పుతాను సార్. సలుపు ఎందుకు నేర్పుతాను?"

"మరి వాళ్ళకి ఎక్కడిది?"

"మాది పెద్ద చర్చి సార్. నేను వాళ్ళ ప్రార్థన మందిరానికి పోను. శుక్రవారం పొద్దున మీరే మా కాలనీకి పోయి ఆ రేకుల షెడ్డు దగ్గర నిలబడండి. మైకు పెడతారు, లోపలికి పోయే పని కూడా లేదు."

శ్యామ్ సుందర్‌ది సింగరాయకొండ. పుట్టింది క్రైస్తవ కుటుంబంలోనే. వాళ్ళ చర్చిలో రోగుల కోసం పాస్టరు గారు ఒక వాక్యంలో ప్రార్థన చేస్తారు. ఎవరికి ఏం రోగమో ఎవరూ లేచి చెప్పరు. రేకుల షెడ్డు మందిరాల మీద, అక్కడి మైకుల మీద అతనికి ముందునుంచీ అనుమానమే.

శుక్రవారం బండి మీద కాలనీకి వెళ్ళాడు. మందిరం పక్కనే మిర్చి కల్లం. పట్టాల మీద కాయలు ఆరబోసి ఉన్నాయి. అటునుంచి గాలి వస్తోంది. రోడ్డు మీద బండి ఆపి, ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. మైకులో పాస్టరు భార్య లిడియా గొంతు వినిపిస్తోంది.

"నొప్పి అని ఊరుకుంటే ఎట్లా అక్కా? ఏం నొప్పో చెప్పు. పోటా, సలుపా?"

"ఏమోనమ్మా, పీకుద్ది." ఎవరో ముసలామె.

"పీకుడైతే కాళ్ళ వాళ్ళతో కూర్చో. ఇట్లా రాకు, ఇది పోట్ల వరస. సలుపు వాళ్ళు కిటికీ పక్కకి జరగండి. తిమ్మిర్ల వాళ్ళు ఆగాలి, మీది ఆఖరు. నువ్వేందమ్మా? భుజమా? ఎత్తితే ఏంటి?"

"పోటమ్మా."

"దించితే?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకుండా ఎట్లా ఉంటది, ఆలోచించుకో. రెండూ చెప్పాలి. పోయినసారి అందరూ ఒళ్ళు నొప్పులు, ఒళ్ళు నొప్పులు అన్నారు. పాస్టరు గారు అందరికీ కలిపి ఒక ప్రార్థన చేశారు. ఎవరిది తగ్గిందో ఎవరికి తెలిసింది? దేని కోసం అడిగామో తెలిస్తేనే కదా, వచ్చిందో లేదో తెలిసేది."

ట్యూషన్ ఇదే. శ్యామ్ సుందర్ ఫోన్ జేబులో పెట్టాడు. ఎవరు నేర్పారో దొరికింది. ఎందుకు నేర్పారన్నదే తేలాలి. ఆలోచించుకో, అని ఆమె అన్న మాట అతనికి నచ్చలేదు. లేని నొప్పి కూడా ఆలోచిస్తే దొరుకుతుంది.

కల్లం మీంచి గాలి విసిరింది. మిర్చి ఘాటు గొంతులో తగిలి దగ్గాడు. ఆపుకోబోయి ఇంకా దగ్గాడు.

"బయట దగ్గుతున్న బ్రదర్, లోపలికి రండి," అంది లిడియా మైకులో. "అక్కడ ఘాటు. లోపల ఫ్యాను ఉంది."

కాలనీ మొత్తానికి వినబడింది. ఇక వెళ్ళక తప్పలేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి చివర చాప మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు తిరిగి చూశారు. కొందరికి అతనెవరో తెలుసు.

"ఎక్కడ బ్రదర్ నొప్పి?" అంది లిడియా.

"నొప్పేం లేదండీ."

"మెడ పట్టుకున్నారుగా."

చెయ్యి మెడ మీదే ఉంది. దించాడు. "అలవాటండీ."

"అలవాటుకి ప్రార్థన లేదు బ్రదర్. కూర్చోండి."

ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పాస్టరు ప్రేమదాసు కీబోర్డు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా నవ్వాడు.

ప్రార్థనలయ్యాక, నొప్పి తగ్గిందని సాక్ష్యం చెప్పేవాళ్ళను లేవమన్నారు. రెబ్కా లేచింది. మొదటి వరసలో కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నందువల్ల అతన్ని చూడలేదు. ఎడమచేత్తో మైకు తీసుకుని జనం వైపు తిరిగింది.

"అందరికీ వందనాలు. నా భుజం గురించి మీరంతా ప్రార్థన చేశారు. నా భుజంలో..."

అప్పుడు అతన్ని చూసింది. ఆగిపోయింది. మైకు పనిచేయడం లేదనుకుని ప్రేమదాసు స్పీకరు పెట్టె మీద కొట్టాడు.

"నా భుజంలో పోటు పోయింది," అంది రెబ్కా. "వారం నుంచి పోటు రాలేదు. దేవునికి స్తోత్రం."

స్తోత్రం అన్నారు అందరూ. ఆమె మైకు ఇచ్చేసి కూర్చుంది.

సోమవారం ఆమె నేల ఎందుకు చూసిందో శ్యామ్ సుందర్‌కు ఇప్పుడు తెలిసింది. మందిరం పేరు చెబితే మందిరంలో ఏం చెబుతుందో కూడా కనుక్కుంటారు. మిల్లులో ఉందన్న నొప్పి ఇక్కడ పోయింది. రెండింట్లో ఒకచోట అబద్ధం. ఎక్కడో తేల్చాలి.

మర్నాడు మళ్ళీ పిలిచాడు.

"నిన్న మందిరంలో నొప్పి పోయిందన్నావు."

"నొప్పి అనలేదు సార్. పోటు అన్నాను."

"సోమవారం నాతో పోటు ఉందన్నావు."

"ఎత్తితే అన్నాను సార్. డాక్టరమ్మ ఎత్తొద్దంది. ఆ రోజు నుంచి ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టి రాలేదు. రానిదాన్ని వచ్చిందని దేవుడి ముందు ఎట్లా చెబుతాను?"

"ఎత్తకుండా ఫ్రేము ఎట్లా నడుస్తోంది?"

"ఎడంచేత్తో సార్. పైవి పక్కామె అతుకుతుంది."

"ఆమెది కూడా మీ మందిరమేనా?"

"కాదు సార్. కోటేశ్వరి. ఆమె గుడికి పోతది."

శ్యామ్ సుందర్ ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కు చేశాడు. రెబ్కా ఎడమచేత్తో చేస్తున్న మాట నిజమే అన్నాడు సూపర్‌వైజర్. ఎన్నాళ్ళు ఇట్లా అని కూడా అడిగాడు. శ్యామ్ సుందర్ ఫోన్ పెట్టేశాడు. నొప్పి ఉన్నా ఎడమచేత్తో చేస్తారు. కుర్చీ కావాలన్నా ఎడమచేత్తో చేస్తారు.

"నన్ను చూసి ఆగావు."

"ఆగాను సార్."

"ఎందుకు?"

"భుజం నొప్పి పోయింది అందామనుకున్నాను. అందరూ అట్లానే అంటారు. స్తోత్రం గట్టిగా వస్తది. మిమ్మల్ని చూశాక సలుపు గుర్తొచ్చింది. అందుకని పోటు వరకే చెప్పాను."

ఈ జవాబు నిజం చెప్పే మనిషికీ సరిపోతుంది, తెలివైన మనిషికీ సరిపోతుంది. అతను కుర్చీలోంచి లేచాడు.

"చెయ్యి ఎత్తు."

"ఎత్తితే వస్తది సార్."

"రానీ."

"వస్తే నిన్న నేను చెప్పింది పోద్ది."

"ఎత్తకపోతే ఇక్కడ చెప్పింది పోద్ది."

రెబ్కా లేచి నిలబడింది. కుడి మోచెయ్యి వదిలేసింది. చెయ్యి భుజం ఎత్తు వరకు లేచి ఆగింది. అతను చూస్తూనే ఉన్నాడు. ఆమె ఇంకా ఎత్తింది. నోరు మూసే ఉంది. పై పెదవి మీద చెమట పట్టింది.

"వచ్చింది," అంది.

"ఏది?"

"పోటు."

ఎడమచేత్తో పట్టుకుని దించుకుంది. గోడ వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి, "ఇప్పుడు సలుపు," అంది.

నొప్పి నటించేవాళ్ళను అతను చూశాడు. వాళ్ళు అరుస్తారు, అరుస్తూ ఎదుటివాళ్ళ మొహం చూస్తారు. ఈమె అరవలేదు, మొహం చూడలేదు. దాన్నే రుజువు అనుకోవడానికి అతనికి మనసొప్పలేదు. అరవకూడదని కూడా ఎవరైనా నేర్పి ఉండొచ్చు.

"రేపు ఆదివారం లేచి చెప్పాలి సార్," అంది రెబ్కా. "పోటు మళ్ళీ వచ్చిందని."

"ఎవరు చెప్పమన్నారు?"

"పోయిందని చెప్పింది నేనే కదా." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. ఆఫీసు సారు ఎత్తమన్నారు, ఎత్తితే వచ్చింది అని చెబుతాను."

"బెదిరిస్తున్నావా?"

"లేదు సార్. రెండూ చెప్పాలంటది లిడియమ్మ."

సోమవారం పొద్దున మార్కు గది తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"నిన్న మీరు మైకులో వచ్చారు సార్."

"నువ్వు ఆ మందిరానికి పోవన్నావుగా."

"పోను సార్. మా ఇంట్లోకి అదే వస్తది."

"ఏమంది?"

"పోటు మళ్ళీ వచ్చిందంది. ఆఫీసు సారు ఎత్తమన్నాడు, నేనే ఎత్తాను, దేవుడి తప్పు లేదు, సారు తప్పు కూడా లేదంది. పోయిన నొప్పి తిరిగొచ్చిందని అక్కడ లేచి చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు సార్. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. తర్వాత పాస్టరు గారు కీబోర్డు వాయించాడు." మార్కు వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "చివర్లో మీ మెడ కోసం కూడా ప్రార్థన చెయ్యమంది."

శ్యామ్ సుందర్ ఆ మధ్యాహ్నం దాకా కుర్చీ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెబ్కా అడగనివాళ్ళ ముందు లేచి తన మాట తానే వెనక్కి తీసుకుంది. కుర్చీ కోసమే అయితే ఆ పని అక్కర్లేదు. అయితే ఆ కబురు తెచ్చింది మార్కు. మార్కు తెచ్చే కబురులో మార్కు పని ఏదో ఒకటి ఉంటుంది. వెళ్ళి ఎవరినైనా అడుగుదామనుకున్నాడు. అడిగితే వాళ్ళూ ఆ కాలనీ వాళ్ళే. చివరికి సంతకం పెట్టాడు. మూడు నెలలు చూసి నిర్ణయిస్తామని కింద రాశాడు.

రెబ్కా మంగళవారం నుంచి కుర్చీలో కూర్చుంది. లేబుల్ ఎడమచేత్తో తీసి, కుడిచేత్తో నొక్కేది. మోచెయ్యి బల్ల మీద ఆనించే ఉండేది. శ్యామ్ సుందర్ రోజుకోసారి ఆ వైపు నుంచి నడిచాడు. ఆమె చెయ్యెత్తడం ఎప్పుడూ చూడలేదు. తన అడుగుల చప్పుడు ఆమెకు వినబడుతుందా అని కూడా గమనించాడు. ఫ్యాన్ల హోరులో తేల్చలేకపోయాడు.

బసవమ్మ ఏమీ అడగలేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంది.

ఆ పై వారం గురువారం శ్రీరమ్య ఫోన్ చేసింది. "సర్, ఒకసారి ఇటు రాగలరా?"

డాక్టర్ గదిలో బసవమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది.

"నాకు చెప్పింది సార్‌కి కూడా చెప్పండి," అంది శ్రీరమ్య.

"దిగేటప్పుడు కలుక్కుమంటదండీ," అంది బసవమ్మ. "ఎక్కేటప్పుడు పీకుద్ది. కూర్చుని లేస్తే పట్టేస్తది. తెల్లారగట్ల సలుపు."

శ్రీరమ్య పెన్ను బల్ల మీద పెట్టి శ్యామ్ సుందర్ వైపు చూసింది.

"ఎవరు నేర్పారు బసవమ్మ గారూ?"

"నేర్పేదేముందండీ. శుక్రవారం ఆ మందిరం దగ్గరకి పోయాను. లోపలికి పోలేదు, గుమ్మం దగ్గరే కూర్చున్నాను. ఆవిడే మైకులో అడిగింది, గుమ్మం దగ్గరామె, మోకాళ్ళా, మెట్లు ఎక్కితే ఏంటి, దిగితే ఏంటి అని. ఇన్నాళ్ళూ ఎవరడిగారండీ ఆ మాట?"

"కుర్చీ అయిపోయింది కదండీ."

"తెలుసండీ. ఈ మాటలు మొన్నే తెలిసుంటే నాకే వచ్చేది."

ఆమె లేచింది. డాక్టర్ గది ముందు మూడు మెట్లు ఉన్నాయి. దిగి చూపించండి అందామనుకున్నాడు శ్యామ్ సుందర్. అనేలోపే ఆమె దిగుతోంది. తలుపు చెక్క పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగింది. రెండో మెట్టు దగ్గర ఆగింది. కలుక్కుమన్నది అక్కడేనా, తను చూస్తున్నాడని ఆగిందా అని అతను చూశాడు. ఇంతకుముందు ఆమె మెట్లు దిగడం ఎప్పుడైనా చూశానా అని గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు.

ఆమె కింద నిలబడి పైకి చూసింది.

"మీదేంటండీ, పోటా సలుపా?"

అతని చెయ్యి మెడ మీద ఉంది. ఈసారి దించలేదు. మెడ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"నొప్పండీ," అన్నాడు శ్యామ్ సుందర్.